‘ఉద్దేశం’ ఏమిటో చెప్పక్కా!

“దేవుడికి ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందమ్మా...”

ఆసుపత్రిలో మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. ఎన్నిసార్లు విన్నారో చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. నేను చెప్పగలను. 2017 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం, నాలుగింటి నుంచి ఏడింటి లోపల పదకొండుసార్లు విన్నాను. పొద్దున ఆరాధన అయ్యాక ఇళ్ళకెళ్ళి అన్నాలు తిని, కాస్త నడుం వాల్చి, బత్తాయిలూ బ్రెడ్డు ప్యాకెట్లూ పట్టుకుని మా చర్చివాళ్ళంతా వచ్చారు. ప్రేమగానే వచ్చారు. ప్రార్థన చేశారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి ఆ మాట అని వెళ్ళారు.

పన్నెండోసారి అన్నది నేనే.

మంచం మీద ఉన్నది మా తమ్ముడు. అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్ళు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి సెల్ టవర్ల మీద పనిచేసేవాడు. వాడు టవరెక్కినప్పుడల్లా మా అమ్మ ఇంట్లో మోకాళ్ళ మీద ఉండేది. అంతెత్తు నుంచి ఒక్కనాడూ జారనివాడు, ఇంటికి కూతవేటు దూరంలో, రాత్రిపూట బండి జారి కల్వర్టు గోడ మీద పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ చేశారు. తెలివొచ్చాక వాడు మొదట అడిగింది, “నా కాళ్ళ మీద దుప్పటి కప్పలేదేం?” అని. కప్పే ఉంది.

ఆ ఆదివారం వాడు సాయంత్రమంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం. అందరూ వెళ్ళాక తడిగుడ్డతో వాడి మొహం తుడుస్తూ, ఏం మాట్లాడాలో తోచక, “దిగులు పెట్టుకోకురా, దేవుడికి ఏదో ఉద్దేశం ఉంటుంది” అనేశాను. వాడు కళ్ళు తెరిచాడు.

“అంటే నన్ను కావాలనే పడేశాడా? ఆ ఉద్దేశం ఏమిటో చెప్పక్కా! కథలు రాస్తావుగా, నీకు తెలుస్తుందిగా.”

తడిగుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

మాది తెనాలి దగ్గర. మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. ‘ఉద్దేశం’, ‘పిలుపు’, ‘సాక్ష్యం’ అనే మాటలు మా ఇళ్ళలో పాలు, పంచదార అన్నంత మామూలుగా దొర్లుతుంటాయి. పక్కింటివాళ్ళు ‘తలరాత’, ‘ప్రాప్తం’ అన్నట్టే అనుకోండి. కాకపోతే చిన్న తేడా ఉంది. తలరాత అనుకుంటే ఏడ్చి ఊరుకుంటాం. ‘ఉద్దేశం’ అన్నామంటే దాని వెనకాల ఒకరున్నారని, ఆయన మనల్ని చూస్తూనే ఈ పని చేశాడని. ఓదార్చడానికి అన్న మాట మంచం మీద ఉన్నవాడికి చెంపదెబ్బలా తగలడం అందుకే. చిన్నప్పటి నుంచీ ఆ మాట అంటూ వచ్చిన నాకు ఆ రాత్రి దాకా ఈ సంగతి తట్టలేదు!

ఎవరో మంచి మనసుతో వాడికి ఓ పుస్తకం కూడా తెచ్చిచ్చారు. అమెరికా పాస్టరు రిక్ వారెన్ 2002లో రాసింది. నలభై రోజులు రోజుకో అధ్యాయం చదివితే మన బతుకు దేనికోసమో తెలుస్తుందని రాశాడు. లక్షలమందికి పనికొచ్చిన పుస్తకం, దాన్ని తప్పుపట్టను. కానీ నలభై రోజులు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఎవరో ఒకరు తిప్పితే తప్ప కదల్లేనివాడికి అది ఇవ్వొచ్చా? వాడు ఒక్క పేజీ తిప్పలేదు. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టమన్నాడు. పెట్టాను.

నోరు తెరిచాకే తంటా

బైబిల్లో యోబు కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆస్తి పోయింది, పదిమంది పిల్లలూ పోయారు, ఒళ్ళంతా కురుపులు. బూడిదలో కూర్చున్నాడు. ముగ్గురు స్నేహితులు చూడ్డానికి వచ్చారు. వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా అతని పక్కనే నేలమీద కూర్చున్నారు. అంతవరకూ ఎంత మంచి స్నేహితులో! తర్వాత నోళ్ళు తెరిచారు. ఇది నీకెందుకు వచ్చిందంటే... అని మొదలుపెట్టారు. అధ్యాయాలకి అధ్యాయాలు చెప్పారు. చివరికి దేవుడికి కోపం వచ్చింది ‘ఎందుకు?’ అని నిలదీసిన యోబు మీద కాదు, కారణాలు చెప్పిన స్నేహితుల మీద.

సండే స్కూల్లో పదేళ్ళు ఈ కథ చెప్పాను నేను. పిల్లలకి బొమ్మలు కూడా వేసి చూపించాను. ఆసుపత్రి వార్డులో మాత్రం వచ్చి నాలుగో స్నేహితుడిలా నిలబడ్డాను.

రెండు నెలల తర్వాత మా తమ్ముణ్ణి వేలూరు తీసుకెళ్ళాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారు లేరు. నా పిల్లలిద్దరినీ మా అత్తయ్యగారికి అప్పజెప్పి నేను వెంట వెళ్ళాను. “మూడు నెలలే కదా, నువ్వు లేకపోతే వీళ్ళు అన్నం తినరా ఏమిటి, వెళ్ళిరా” అన్నారావిడ. ఆవిడ ఏ కూటంలోనూ సాక్ష్యం చెప్పిన మనిషి కాదు. నా పెళ్ళయి పన్నెండేళ్ళవుతున్నా ఆవిడ గురించి ఒక్క మంచి మాట రాయనందుకు ఆ రోజు రైల్లో సిగ్గుపడ్డాను.

కాట్పాడిలో దిగి ఆటో ఎక్కితే వేలూరు. మన జిల్లాల్లో ‘వేలూరు తీసుకెళ్ళారట’ అంటే జబ్బు ఎంతదూరం వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆసుపత్రి ఎదురుగా సందుల్లో లాడ్జీలవాళ్ళు, మందుల షాపులవాళ్ళు తెలుగు మాట్లాడతారు. ఏ వరండాలో కూర్చున్నా పక్కన చిత్తూరువాళ్ళో నెల్లూరువాళ్ళో తగులుతారు. అసలు ఇంత పెద్ద ఆసుపత్రి ఈ ఊళ్ళో ఎందుకు వెలిసిందో మనలో చాలామందికి తెలియదు. నాకూ అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ఆ రాత్రి ముగ్గురు

ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. తాత జాన్ స్కడర్, ఆయన కొడుకులు అందరూ మిషనరీలే. అందరూ అదే దారిలో వెళ్ళారు కాబట్టే కాబోలు, ఆ పిల్లకి ఆ దారంటే గిట్టదు. చిన్నప్పుడు 1876-78 కరువు చూసింది. బక్కచిక్కిన పిల్లల నోళ్ళలో రొట్టెముక్కలు పెట్టింది. ఆ దృశ్యాలు మళ్ళీ చూడాలనుకోలేదు. అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడదామనుకుంది. తల్లికి ఒంట్లో బాగాలేదంటే కొన్నాళ్ళు సాయంగా ఉందామని 1890లో తిండివనం వచ్చింది. వచ్చింది ఉండటానికి కాదు, తిరిగి వెళ్ళిపోవడానికే.

ఓ రాత్రి తలుపు చప్పుడైంది. ఒక బ్రాహ్మణ యువకుడు. భార్యకి నొప్పులు, ప్రాణం మీదికి వచ్చింది, రమ్మన్నాడు. “మా నాన్నగారు డాక్టరు, ఆయన్ని తీసుకెళ్ళండి, నాకేమీ తెలియదు” అందామె. పరాయి మగవాడు మా ఆడవాళ్ళని చూడకూడదని అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి ఇంకో చప్పుడు. ఒక ముస్లిం. అదే కబురు, అదే జవాబు. మూడోసారి ఇంకొకరు, హిందువే. తెల్లారాక ఊళ్ళోకి మనిషిని పంపి కనుక్కుంటే ముగ్గురు ఇల్లాళ్ళూ పోయారు.

ఆమె వెనక్కి వెళ్ళింది. వెళ్ళింది మాత్రం డాక్టరు చదువుకి. ఆడపిల్లల్ని అప్పుడప్పుడే చేర్చుకోవడం మొదలుపెట్టిన కార్నెల్ వైద్య కళాశాలలో 1899లో పట్టా పుచ్చుకుంది. 1900లో వేలూరు వచ్చి, ఇంట్లో ఒక చిన్న గదిలో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఆ ఏడే తండ్రి పోయారు. 1902లో నలభై పడకల ఆసుపత్రి వచ్చింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. ఆరుగురు దరఖాస్తు పెడితే మొదలుపెట్టుకోమని ప్రభుత్వం తరఫు పెద్ద డాక్టరు దీర్ఘాలు తీస్తే, నూట యాభై ఒక్కమంది పెట్టారు! 1947 దాకా అక్కడ మగపిల్లలకి ప్రవేశమే లేదు. ఆమె 1960లో కన్నుమూసింది.

ఈ కథ చర్చిల్లో చెప్పేటప్పుడు “చూశారా, దేవుడి ఉద్దేశం!” అని ముగిస్తారు. ఆ మూడు నెలలూ ఆ వరండాల్లో తిరుగుతూ నేను ఆలోచించింది ఆ ముగ్గురు ఆడవాళ్ళ గురించి. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఒక పెద్ద ఆసుపత్రి రావాలి కాబట్టి వాళ్ళు ముగ్గురూ ఒకే రాత్రి చచ్చిపోవాలని దేవుడు రాసిపెట్టాడా? అలా అనడానికి నాకు నోరు రాదు. అలాంటి దేవుడికి నేను దణ్ణం పెట్టలేను కూడా. ఆ ముగ్గురూ చనిపోయింది, చూడ్డానికి ఒక ఆడ డాక్టరు లేక. ఉద్దేశం అనేది ఏదైనా ఉంటే అది ఆ చావుల్లో లేదు. తెల్లారాక ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల తీసుకున్న నిర్ణయంలో ఉంది, తర్వాత ఏళ్ళ తరబడి చేసిన చాకిరీలో ఉంది.

ఈ మాట మా తమ్ముడికి చెప్పలేదు. అప్పటికి నా ఉపన్యాసాలంటే నాకే భయం పట్టుకుంది.

చక్రాల కుర్చీలో డాక్టరమ్మ

పునరావాస కేంద్రం ఊరికి కొంచెం ఎడంగా, బాగాయంలో ఉంది. చెట్లు, ఎత్తుపల్లాలు లేని సిమెంటు బాటలు. అక్కడ మా తమ్ముడి కంటే ముందు నేను పాఠాలు నేర్చుకున్నాను. పడుకున్నవాణ్ణి రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటికి పుళ్ళు పడతాయి. స్పర్శ లేదు కాబట్టి పడ్డ సంగతి వాడికి తెలియదు, మనమే రోజూ అద్దం పెట్టి చూడాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు ప్రతి పావుగంటకీ రెండు చేతుల మీదా బరువు మోపి ఒళ్ళు పైకి లేపుకోవాలి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మరుగుదొడ్డి మీదకి ఎవరి సాయం లేకుండా మారాలి. ఇవన్నీ భుజాల బలంతో చేసే పనులు. టవర్లెక్కిన భుజాలు కాబట్టి వాడికి బలం ఉంది. ఇష్టమే లేదు.

“చేసి ఏం సాధించాలి?” అనేవాడు గోడకి తిరిగి.

ఆ కేంద్రానికి ఊపిరి పోసిన డాక్టరు మేరీ వర్గీస్ గురించి ఒక మలయాళీ నర్సు చెప్పింది. తర్వాత డోరతీ క్లార్క్ విల్సన్ 1963లో రాసిన ఆమె జీవితకథ సంపాదించి చదివాను. మేరీ 1925లో కొచ్చిలో పుట్టారు. వేలూరులోనే చదివి, అక్కడే డాక్టరుగా చేరారు. స్త్రీల వైద్యంలో, కాన్పుల్లో పేరు తెచ్చుకోవాలని ఆవిడ కోరిక. 1954 జనవరి 30న తోటి యువ డాక్టర్లతో సరదాగా పిక్నిక్‌కి వెళ్తుండగా వ్యాను బోల్తా పడింది. ముఖం చీరుకుపోయింది. వెన్ను దెబ్బతిని రెండు కాళ్ళూ పడిపోయాయి. ఆవిడకి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు.

నిలబడలేని డాక్టరు కాన్పులెలా చేస్తుంది? ఏ పని కోసం తనని దేవుడు పుట్టించాడని నమ్మిందో ఆ పనికి తలుపు మూసుకుంది.

అదే ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే శస్త్రచికిత్సకుడు ఉండేవాడు. పుట్టింది తమిళనాడు కొల్లి కొండల్లో. కుష్ఠు రోగుల చేతుల మీద పనిచేసేవాడు. ఆ జబ్బులో నరాలు చచ్చి, వేళ్ళు గోళ్ళలా లోపలికి ముడుచుకుపోతాయి. ముంజేతిలో బాగున్న కండర తంత్రిని తీసి వేళ్ళకి కలిపితే అవి మళ్ళీ చాపుకుంటాయి. ఈ ఆపరేషను కూర్చుని చెయ్యొచ్చు! ఆ సంగతి ఆయన మేరీకి చెప్పాడు. కాళ్ళు లేకపోతేనేం, మీ చేతులు బాగానే ఉన్నాయిగా అని. సరిగ్గా కూర్చోగలగడానికే ఆవిడ మళ్ళీ వెన్నుకి ఆపరేషన్లు చేయించుకోవాల్సొచ్చింది. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులు బాగుచేశారు. తమకంటే అన్యాయమైన స్థితిలో ఉన్న డాక్టరమ్మ తమకి ఆపరేషను చేస్తోందని చూసి, అందరూ వెలివేసిన ఆ మనుషులు తలెత్తారట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బ్రాండ్ దగ్గర చేతులు బాగుచేయించుకుని వెళ్ళిన ఒకతను కొన్నాళ్ళకి తిరిగొచ్చి, “ఈ చేతులు అడుక్కోవడానికి పనికిరావడం లేదు” అని మొత్తుకున్నాడట. వంకర చేతులు చూస్తే జాలిపడి చిల్లర వేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ వెయ్యరు. కుష్ఠు వచ్చినవాడని పనీ ఇవ్వరు. చేతులు బాగుచేసినంత మాత్రాన చాలదు, వాటికి పని చూపించాలి. అందుకే బ్రాండ్ వైద్య కళాశాల ఆవరణలోనే మట్టి గుడిసెలు వేయించి ‘నవజీవ నిలయం’ అని చేతిపనులు నేర్పే చోటు పెట్టించాడు. ఈ కథ నాకు ఐడా కథ కంటే ఎక్కువ నచ్చింది. ఎందుకంటే ఇందులో దేవుడి పేరు పెట్టుకుని ఎవరూ గొప్పగా గెలవలేదు. సాయం సగంలో ఆగిందని తెలుసుకుని మళ్ళీ మొదలుపెట్టారు, అంతే.

మేరీ అక్కడితో ఊరుకోలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్ళి తన పనులు తాను చేసుకోవడం నేర్చుకున్నారు. న్యూయార్క్‌లో డాక్టర్ హొవార్డ్ రస్క్ సంస్థలో తనలాంటివాళ్ళకి బతుకు నేర్పే వైద్యం చదివారు. తిరిగొచ్చి ఆ విభాగానికి పెద్ద అయ్యారు. 1966లో బాగాయం కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో పోయారు. మా తమ్ముడు ఏ బాట మీద కుర్చీ తోసుకోవడం నేర్చాడో ఆ బాట వెనక ఆ మనిషి ఉంది.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక పుట్టుగుడ్డి ఉంటాడు. శిష్యులు అతన్ని చూసి, ఇది ఇతను చేసిన పాపమా, అమ్మానాన్నలు చేసిందా అని అడుగుతారు. మన వార్డుకి వచ్చే చుట్టాల ప్రశ్నే! యేసు రెండూ కాదంటాడు. దేవుడి పని ఇతనిలో కనబడాలి, పగలుండగానే ఆ పని చెయ్యాలి అంటాడు. ఆ మొదటి సగం పట్టుకుని, దేవుడే అతన్ని గుడ్డివాణ్ణి చేశాడని బోధించేవాళ్ళని విన్నాను. వాళ్ళు తర్వాతి సగం చదవరు. ఆ మాట అన్న మనిషి ఊరికే నిలబడలేదు. నేలమీద ఉమ్మివేసి, బురద కలిపి, ఆ కళ్ళకి పూసి, వెళ్ళి కడుక్కోమన్నాడు. కారణం అడిగినవాళ్ళకి పని చేసి చూపించాడు. నేను బాగాయంలో, బట్టలారేసే తీగ కింద కూర్చుని చదివిన అధ్యాయం అది.

మా తమ్ముడు మారింది నేను చెప్పిన మాటలవల్ల కాదు. చేతిపనుల గదిలో ఒక పాడైన టేబుల్ ఫ్యాను మూలన పడి ఉంది. తిరక్కపోవడం చూడలేక విప్పాడు. విప్పినంతసేపూ ప్రతి పావుగంటకీ ఒళ్ళు పైకి లేపుకోవడం ఎవరూ గుర్తుచెయ్యకుండానే చేశాడు. ఆ సాయంత్రం అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఆరు మెట్లు

ఇంటికొచ్చాక చర్చికి వెళ్ళాలంటే అదో యాతన. గుమ్మానికి ఆరు మెట్లు. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేవాళ్ళు, పెళ్ళికొడుకు పల్లకీలాగా. అందరూ చూస్తారు. మూడు ఆదివారాలు వెళ్ళి మానేశాడు. “వాడి విశ్వాసం తగ్గింది” అని ఒకరిద్దరు అన్నారు. విశ్వాసం తగ్గలేదు, మెట్లు ఎక్కువయ్యాయి!

ఈసారి నేను నోరు తెరిచాను. స్త్రీల సమాజంలో లేచి, ర్యాంపు కట్టించాలని అన్నాను. కానుకలు పోగుచేశాం. మేస్త్రీ రెండు రోజుల్లో కట్టేశాడు. కుర్చీ ఎక్కిస్తే వెనక్కి జారింది, అంత నిటారుగా కట్టాడు! మా తమ్ముడు నవ్వి, ఒకడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలని కాయితం మీద బొమ్మ గీసిచ్చాడు. మూడడుగుల ఎత్తుకి ముప్పై ఆరు అడుగులు. అంత స్థలం ఏదీ? మధ్యలో చదరం ఇచ్చి మలుపు తిప్పాడు. 2019 ఈస్టరుకి అయింది. ఇప్పుడు దానిమీద వాడికంటే ఎక్కువగా మోకాళ్ళ నొప్పుల మామ్మలు, చంటిపిల్లల తల్లులు నడుస్తున్నారు.

ఆ తర్వాత ఒక బుధవారం సమాజంలో పాస్టరమ్మగారు “మీలో ఒక్కొక్కరిని దేవుడు ఏ ఉద్దేశంతో ఉంచాడో చెప్పండి” అన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. డిగ్రీలు చదివి వంటిళ్ళలో ఉన్నవాళ్ళమే సగంమంది. “నాకేముందమ్మా, పిల్లలు, క్యారేజీలు...” అని ఒకామె గొణిగింది. నాకు లూథరు గుర్తొచ్చాడు. మా సంఘానికి మూలపురుషుడాయన. సన్యాసులూ సన్యాసినులే దేవుడికి దగ్గర అనుకునే రోజుల్లో, 1522లో పెళ్ళి గురించి రాస్తూ, పసిపిల్లవాడి గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా దేవుడూ దేవదూతలూ సంతోషిస్తారని రాశాడు. చూశారా, గుడ్డలు ఉతికేది తండ్రి! ఈ సంగతి చెప్తే ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. “మా ఆయనకి చెప్పండి ఆ మాట” అన్నారు. లూథరు నిజంగా ఉతికాడో లేదో మరి. ఇంట్లో పొలం, పశువులు, వచ్చేపోయే విద్యార్థులు, ఆరుగురు పిల్లలు అన్నీ చూసుకుంది మాత్రం ఆయన భార్య కాథరీనా.

మూల బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ, ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి మానేసినావిడ, అందరూ అయ్యాక అంది: “నాకు తెలీదమ్మా. ఎవరు తలుపు కొడితే వాళ్ళకి తీసేదాన్ని.”

పాస్టరమ్మగారు ఇంకేమీ అడగలేదు. ప్రార్థన చేసి ముగించారు.

ఇప్పుడు మా తమ్ముడు మా ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకున్నాడు. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు. వైండింగ్ వాడి చేత్తో చేస్తే మళ్ళీ రెండేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదని మా వీధివాళ్ళంటారు. అన్నీ బాగైపోయాయని చెప్పను. కొన్ని రాత్రులు వాడి గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. నిశ్చయమైన సంబంధం ఆ ఏడే తప్పిపోయింది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న వాడు వదిలెయ్యలేదు, నేను జవాబు చెప్పడం మాత్రం మానేశాను. కథలు మళ్ళీ రాస్తున్నాను. వాటిలో పాత్రలకి అన్నింటికీ కారణాలు దొరకడం తగ్గిందని మా వారు అంటారు.

మొన్న క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, ఊరంతా పిండివంటల హడావిడి. కొట్టు ముందు మిక్సీలు వరసగా పెట్టి ఉన్నాయి. మా పెద్దమ్మ ఒకావిడ, ఆ ఆదివారం ఆసుపత్రిలో ఆ మాట అన్న పదకొండుమందిలో మొదటావిడ, సంచిలో మిక్సీ పెట్టుకుని వచ్చింది. మాడిన వాసన వీధిలోకి కొడుతోంది.

“నానబెట్టిన బియ్యం వేశాన్రా. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకు కాలిందంటావు?”

వాడు మూత తీసి చూశాడు. అంచుల దాకా పిండి.

“కారణం ఉంది గానీ పెద్దమ్మా, చెప్తే నువ్వు బాధపడతావు. ఆ జారు ఇటివ్వు. రాత్రి ఎనిమిదింటికి వచ్చి తీసుకెళ్ళు.”